ఊడని మాటు

గిర్మాజీపేటలో ఎవరింటి బిందెకైనా చిల్లు పడితే, అది ఎల్లస్వామి కంట పడేదాకానే దాని బతుకు. అడిగారా లేదా అన్న పట్టింపు ఆయనకు ఉండేది కాదు. కళాయికి ఇచ్చిన గిన్నెను ఎండకెత్తి చూసేవాడు. ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తే బొగ్గుతో గుర్తు పెట్టుకుని, ఇంత తగరం కరిగించి మాటు వేసేవాడు. అప్పుడు గానీ ఆయనకు మనసు పట్టేది కాదు. "నేను గిన్నె చిల్లు మూసిన అంటే మూసినట్టే. గిన్నె చిన్గాలె గాని నా మాటు ఊడది" అనేవాడు. ఆ మనిషికి గొప్పలు చెప్పుకోవడానికి ఆ ఒక్క ముక్కే ఉండేది. అదీ అబద్ధం కాదు.

ముప్ఫై ఏళ్లుగా అదే పని. రంగశాయిపేట నుంచి పొద్దున్నే బయలుదేరి, తిత్తి భుజాన వేసుకుని ఆయన, బొగ్గుల మూట నెత్తిన పెట్టుకుని భార్య సోమక్క, వీధివీధి తిరిగేవారు. ఇంటి ముందు చిన్న గుంట తవ్వి నిప్పు రాజేస్తే, సోమక్క తిత్తి ఊదేది. ఇత్తడి గిన్నె ఎర్రగా కాగాక ఎల్లస్వామి నవాసారం పొడి చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ లేచేది. తగరం పుల్లను అలా తాకించి, పత్తి ఉండతో గిన్నె లోపలంతా ఒక్క తిప్పు తిప్పితే, పచ్చటి ఇత్తడి వెండిలా తళతళలాడేది. చూడ్డానికి వచ్చిన అమ్మలక్కలు ప్రతిసారీ కొత్తగా ముక్కు మీద వేలేసుకునేవారు.

ఎనభయ్యో సంవత్సరం వచ్చేసరికి ఆ అమ్మలక్కలూ తగ్గారు. ఎవరింట చూసినా స్టీలు. స్టీలుకు కళాయి ఏం పూస్తావు, నీ తలకాయ? పాత ఇత్తడి ఇచ్చేసి కొత్త స్టీలు తెచ్చుకుంటున్న ఇళ్ల మధ్య ఇంకా ఇత్తడిని పట్టుకుని వేలాడుతున్న ఇళ్లు ఏ నాలుగో మిగిలాయి. వాటిలో బట్టల కొట్టు వీరభద్రం సేటు ఇల్లు ఒకటి. దసరా ముందు ఒకసారి, ఉగాది ముందు ఒకసారి ఆ ఇంటికి పోవడమంటే ఎల్లస్వామికి పండక్కి పోయినట్టు ఉండేది.

కారణం వీరభద్రం భార్య భారతమ్మ. ఆమె కాజీపేటలో పుట్టి పెరిగిన మనిషి. వాళ్ల నాయన దుకాణం రైల్వే క్వార్టర్ల పక్కన ఉండేది. ఇరుగుపొరుగు అంతా అరవవాళ్లు. చిన్నప్పుడే కాఫీ అలవాటైపోయింది. అత్తగారింటికి వస్తే ఇక్కడ పొద్దున చాయ, మాపు చాయ, పెళ్లికి చాయ, చావుకు చాయ. "కాఫీ అంటె కాజీపేటోళ్ల రోగం" అని అత్తగారు చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. పన్నెండేళ్లు నోరు కట్టుకుని ఉన్నాక, ఒకసారి సరుకు కొనడానికి కోయంబత్తూరు పోయిన వీరభద్రం, ఏమనిపించిందో ఏమో, ఒక ఇత్తడి కాఫీ మిషన్ కొనుక్కొచ్చాడు. పెళ్లయ్యాక ఆమె కోసమే అని ఆయన తెచ్చింది ఆ ఒక్క వస్తువే. అత్తగారు మూడు రోజులు మూతి ముడుచుకుంది గానీ మిషన్ మాత్రం వంటింట్లో నిలిచిపోయింది.

ఆ కాఫీలో ఒక గ్లాసు ఎల్లస్వామికీ దక్కేది. అందరిళ్లలో ఆయనకు నీళ్లు చెంబుతో పైనుంచి పోస్తారు. భారతమ్మ మాత్రం తామందరూ తాగే గ్లాసులోనే పోసి, "సల్లారక ముందే తాగు" అని చేతికి అందించేది. ఈ సంగతి ఆయన సోమక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందేమోనని.

మొదటిసారి ఆ మిషన్ చూసినప్పుడు ఆయన నోరు వెళ్లబెట్టాడు. "ఏందమ్మా ఇది, చెంబు మీద చెంబు ఎక్కి కూసున్నది?"

భారతమ్మ పకపకా నవ్వింది. తన మిషన్ గురించి అడిగే నాథుడు ఆ ఇంట్లో ఒక్కడూ లేడు మరి. నేల మీదే కూర్చుని, మరలు విప్పి మూడు ముక్కలు చేసి చూపించింది.

"ఇగో, కిందిదాంట్ల నీళ్లు. నడుమ ఈ జల్లెడ గిన్నెల కాఫీ పొడి. దీని గొట్టం కింద నీళ్లల్ల దాక మునుగుతది. మీదిది ఖాళీ. పొయ్యి మీద పెడితే కింద నీళ్లు కాగి ఆవిరైతదా, ఆ ఆవిరికి బయటికి పోయే తోవ ఉండది. లోపల్నే కూసొని నీళ్లను నూకుతది. నీళ్లేమో గొట్టంలకెంచి పొడిలకు ఎక్కి, కాఫీ అయి మీది చెంబుల దుంకుతయి."

"అబ్బో! మనం తోడకుండనే?"

"తోడుడు లేదు, వడగట్టుడు లేదు. కని సాకుడు మాత్రం చంటిపిల్లను సాకినట్టు సాకాలె."

ఆ సాకుడు ఎలాగో కూడా చెప్పింది. పని కాగానే విప్పి ఉత్త నీళ్లతో కడగాలి. చింతపండు, బూడిద జల్లెడకు తగలనీయకూడదు, కన్నాలు పూడిపోతాయి. పొడిని వేలితో అదమకూడదు. నడుమ రబ్బరు రింగు తీసి తుడిచి నీడన ఆరబెట్టాలి. మూడు ముక్కలూ బిగించి దాచకూడదు, ముక్కిన వాసన వస్తుంది. మన బావి నీళ్లు ఉప్పు నీళ్లు కాబట్టి లోపల తెల్లటి పెచ్చు కడుతుంది. నెలకోసారి నిమ్మరసం పిండిన నీళ్లు మరిగించి పారబోయాలి. ఎల్లస్వామి అన్నింటికీ తలూపాడు. వస్తువును ఇంత ప్రేమగా చూసుకునే మనిషిని ఆయన అదివరకు చూడలేదు. ఆ రోజు నుంచి ఆ మిషన్ మీద ఆయనకూ తన సొంతదన్నంత మమకారం పుట్టింది.

నాలుగేళ్లు అలా గడిచాయి. ఎనభయ్యొకటో సంవత్సరం దసరా ముందు, భారతమ్మ గిన్నెలతో పాటు మిషన్ కూడా తెచ్చి ముందు పెట్టింది.

"ఎల్లస్వామీ, దీనికి లోపల కళాయి పోయింది. ఇంకోటి, ఈ మధ్య కాఫీ మీదికి మంచిగ ఎక్కుతలేదు. ఆవిరంత పక్కకెంచి బుస్సుమని పోతాంది."

ఆయన అలవాటు ప్రకారం కింది చెంబును ఎండకెత్తి చూశాడు. పక్కన, సగానికి కొంచెం పైన, గుండ్రటి చిల్లు. శెనగ గింజ పట్టేంత ఉంది. వెలుతురు సూటిగా కంట్లో పొడిచింది.

"ఇదేందమ్మా, ఇంత చిల్లు?"

"అది నీళ్ల కొలత. దానికి కిందికే నీళ్లు పొయ్యాలెనట. అమ్మినాయన సేటుకు చెప్పిండు. దాంట్ల ఓ చిన్న మేకు, దాని సుట్టు స్ప్రింగు ఉండేటియి. తుప్పు పట్టి ఎక్కడ్నో రాలిపోయినయి."

"కొలతకు చిల్లెందుకమ్మా? గీత పెడితె చాలదా?"

భారతమ్మ ఆలోచించింది. "నిజమే గదా!" అంది.

మిషన్‌తో పాటు వచ్చిన కాగితంలో ఆ చిల్లు దేనికో రాసే ఉంటుంది. కానీ ఆ కాగితం అరవంలోనో ఇంగ్లీషులోనో ఉంటే, వీరభద్రం దానిలో వక్కపొడి పొట్లం కట్టుకుని పారేశాడు. ఇక చెప్పేవాడెవడు? కారేదాన్ని మూయడమే ఎల్లస్వామి ఎరిగిన విద్య. అసలు కారడానికే పెట్టిన చిల్లు ఈ లోకంలో ఒకటి ఉంటుందని ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఆ పూట ఎల్లస్వామి పని చూడాలి! సోమక్క తిత్తి ఊదుతుంటే, మామూలుగా వేసే తగరం కాక, పట్టుగా ఉండాలని కొంచెం రాగి ముక్క కూడా చేర్చి, ఆ చిల్లుకు లోపల ఒక బిళ్ల, బయట ఒక బిళ్ల వేసి, రెండూ ఏకమయ్యేలా మాటు వేశాడు. ఆకురాయితో అరగదీసి నున్నగా చేశాడు. వేలితో తడిమితే చిల్లు ఎక్కడుందో తెలియదు. ఆ తర్వాత, భారతమ్మకు కొలత తప్పకూడదని, లోపల మేకు మొనతో చుట్టూ సన్నటి గీత గీశాడు. అడగని పనికి ఇంత శ్రద్ధ ఎందుకయ్యా అని సోమక్క విసుక్కుంది కూడా.

అప్పటికప్పుడే భారతమ్మ కాఫీ పెట్టింది. బుస్సు లేదు, గిస్సు లేదు. రెండు నిమిషాల్లో కాఫీ గలగలమంటూ పైకి దూకింది. నల్లగా, చిక్కగా, నురగతో. ఆమె ముఖం వెలిగిపోయింది. "కొన్ననాడు గూడ గింత మంచిగ రాలే!" అంటూ మొదటి గ్లాసు ఎల్లస్వామికే ఇచ్చింది. లోపలి నుంచి ఆమె కూతురు నిర్మల, ఇంటర్ చదివే పిల్ల, పుస్తకం చేతిలో పట్టుకునే వచ్చి, "ఎల్లస్వామి కాకా, నువ్వు ఇంజినీరువు కావాల్సినోనివి" అంది. ఆ మాటకు ఆయన నెల రోజులు మురిసిపోయాడు.

కార్తీక మాసంలో ఒక పొద్దున, పరకాల పోయి వస్తున్న ఎల్లస్వామికి బస్టాండులోనే వార్త తెలిసింది. వీరభద్రం సేటు ఇంట్లో కాఫీ మిషన్ పేలిందట. నిర్మల పెద్ద దవాఖానలో ఉందట. రెండు కళ్లూ పోయాయట.

ఆయన తిత్తి ఎక్కడ పెట్టాడో, సోమక్కను ఎక్కడ వదిలాడో తెలియకుండా గిర్మాజీపేటకు పరుగెత్తాడు. ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. తలా ఒక మాట. పిల్లకు పరీక్ష అట. తల్లి పంపు స్టవ్వు మీద కాఫీ పెట్టి తలుపు దగ్గర పాలవాడితో మాట్లాడుతోందట. "అమ్మా, ఇంకా ఎక్కలేదే" అంటూ పిల్ల వంగి చూసిందట. అంతే.

"నీళ్లు పొయ్యకుంటనే పెట్టింది మహాతల్లి!" అని అరుగు మీద అత్తగారు నెత్తి కొట్టుకుంటూ ఏడుస్తోంది. "ఉత్త చెంబు మంట మీద పెడితె పేలదా? మతి ఏడ పెట్టుకున్నదో! ముండమోపి కాఫీ నా మనుమరాలి కండ్లు తిన్నది!"

ఉత్త చెంబే. అందరూ చూశారు, చినిగిన చెంబులో చుక్క నీరు లేదు. పేలిన చెంబులో నీళ్లు ఎలా ఉంటాయని ఆలోచించేంత తీరిక ఆ ఏడుపులో ఎవరికుంది? భారతమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లల్లో తడి లేదు. "పోసిన్నా? పోయలేదా?" అని తనలో తను గొణుక్కుంటోంది. రోజూ చేసే పని. చేతులు వాటంతటవే చేసే పని. అలాంటి పని ఆ ఒక్క పొద్దున చేశామో లేదో ఎవరికి గుర్తుంటుంది చెప్పండి!

వీరభద్రం ఎల్లస్వామిని చూసి, చినిగిన మిషన్‌ను గోనెసంచిలో వేసి కాళ్ల ముందు పడేశాడు. "ఎల్లస్వామీ, దీన్ని తీస్కపో. ఏంజేస్తవో చెయ్యి. మళ్ల నా కండ్ల పడొద్దు."

దారిలో సంచి విప్పి చూశాడు. కింది చెంబు అడుగు నుంచి అంచు దాకా చినిగి, అరటి తొక్కలా విచ్చుకుంది. కానీ ఆ చినుగు పక్కనే, తను వేసిన మాటు, చెక్కు చెదరకుండా అలాగే ఉంది. అంత దుఃఖంలోనూ, దేవుడు ఆయనను క్షమించుగాక, ఎల్లస్వామికి ఛాతీ కొంచెం ఉబ్బింది. నిజం దాచడం దేనికి? ఇత్తడి చినిగింది గానీ తన మాటు ఊడలేదు. ఆ సంగతి ఎవరికైనా చూపించకుండా ఉండలేకపోయాడు.

చౌరస్తాలో స్టవ్వులూ ప్రెషర్ కుక్కర్లూ బాగు చేసే భాస్కర్ దుకాణం ఉంది. భాస్కర్ ఆయన కంటే పదిహేనేళ్లు చిన్నవాడు, కాకా అంటూ గౌరవంగా ఉంటాడు. ఎల్లస్వామి చెంబును బల్ల మీద పెట్టాడు.

"సూడు భాస్కరూ. ఇత్తడి ఎట్ల చినిగిందో సూడు. మాటు సూడు. వెంట్రుకంత గూడ కదల్లే."

భాస్కర్ చెంబును అటూ ఇటూ తిప్పాడు. మాటు మీద గోరుతో గీరాడు. తర్వాత అతని ముఖంలో రంగు పోయింది.

"కాకా, ఇది ఎవలేసిండ్రు?"

"ఇంకెవలేస్తరు? నేనే. పెద్ద చిల్లుండె."

భాస్కర్ లేచి దుకాణం తలుపు దగ్గరికి వేశాడు. గొంతు తగ్గించాడు. "కాకా, అది చిల్లు గాదే. సేఫ్టీ. కుక్కరుకు ఉంటది సూడు, గసొంటిదే. మీదికి పోయే తోవ బందైతె, ఆవిరి దీంట్లకెంచి బయటికి పోవాలె. పోకుంటె యాడికి పోతది? బాంబే అయితది."

"నాలుగేండ్లు ఏం గాలేదు గదరా!"

"నాలుగేండ్లు ఇది తెరిచున్నది, కాకా." భాస్కర్ జల్లెడ గిన్నె తీసి చూశాడు. కాఫీ పొడి మైదాపిండిలా మెత్తగా, అంటుకుపోయి, సిమెంటులా గడ్డకట్టి ఉంది. "కొత్త గిర్నీల పట్టిచ్చినట్టున్నరు. గింత సన్నపొడి పోస్తె నీళ్లు ఎక్కయి. జల్లెడ పూడింది. గసొంటప్పుడే ఆవిరి ఆ చిల్లుకెంచి పోవాలె. నువ్వు..." అని ఆగిపోయాడు.

"నీళ్లు పొయ్యకుంట పెట్టిందంటాండ్రు గద?" ఎల్లస్వామి చెంబును తన వైపు లాక్కున్నాడు.

"నీళ్లు లేకుంటె ఆవిరెక్కడిది, కాకా? రబ్బరు మాడి కంపు కొడతది, గంతే. నీళ్లున్నయి గన్కనే పేలింది. ఆ అమ్మ తప్పేం లేదు."

ఎల్లస్వామి ముప్ఫై ఏళ్లలో ఎన్ని వేల చిల్లులు మూశాడో. ఒక్కటి, ఒకే ఒక్కటి, మూయకూడని చిల్లు. దాన్నే అన్నింటికంటే గట్టిగా, అన్నింటికంటే ప్రేమగా మూశాడు. నాసిరకం పనివాడైతే ఆ పిల్ల కళ్లు దక్కేవి. మాటు ఊడి, ఆవిరి పోయి, కాఫీ పాడైపోయేది, అంతే. తన పనితనమే ఆ పిల్ల కళ్లు తీసింది. ఈ మాట మనసులోకి దిగినప్పుడు ఆయన భాస్కర్ దుకాణం మెట్ల మీదే కూలబడిపోయాడు.

ఇంటికి పోయి సోమక్కకు చెప్పాడు. సేటుకు చెప్పేస్తానన్నాడు. సోమక్క ఆయన నోరు చేత్తో మూసింది.

"పిచ్చిగిట్ల లేసిందా నీకు? పోలీసులను పిలుస్తరు. జైల్ల పెడతరు. జైలు లేకున్న, ఇగ ఎవలు మనకు గిన్నె ఇస్తరు? చెప్తె పిల్లకు కండ్లొస్తయా?"

కళ్లు రావు. ఆ మాట నిజం. ఆ ఒక్క నిజాన్ని అడ్డం పెట్టుకుని ఎల్లస్వామి తన భయాన్ని దాచుకున్నాడు. మరుసటి రోజే చెంబును నిప్పుల్లో పెట్టాడు. సోమక్క తిత్తి ఊదింది. మొండి మాటు, అంత తొందరగా కరగలేదు. చివరికి బొట్టు బొట్టుగా కారి బొగ్గుల్లో పడింది. ఆ ఇత్తడిని సుత్తితో సాపు చేసి, పాత సామాను కొనేవాడికి ఇచ్చేశాడు. భాస్కర్ దగ్గరికి పోయి ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకున్నాడు. భాస్కర్ చెప్పనూ లేదు. ఆ ఎండాకాలం అతను దుకాణం ఎత్తేసి బొంబాయి పోయి, ఏ కార్ఖానాలోనో చేరాడు. ఏ కార్ఖానాయో ఇక్కడ ఎవరికీ తెలియదు.

పది నెలలు ఎల్లస్వామి గిర్మాజీపేట ముఖం చూడలేదు. చుట్టూ తిరిగైనా వేరే సందులో పోయేవాడు. కళాయి పూస్తూ పూస్తూ, ఎత్తి చూసిన గిన్నెలో చిల్లు కనిపిస్తే బొగ్గు ముక్క కింద పెట్టేసేవాడు. "దేనికున్నదమ్మా ఈ చిల్లు?" అని అడిగేవాడు. చిల్లు దేనికి ఉంటుందయ్యా, నీకేమైనా మతి పోయిందా అని జనం నవ్వేవారు.

మరుసటి బతుకమ్మ రోజుల్లో, పూలమ్మడానికి అటు పోయిన సోమక్క తిరిగివచ్చి, అన్నం ముట్టకుండా కూర్చుంది.

"భారతమ్మను చూసిన" అంది. "మనిషి మనిషి లెక్క లేదయ్యా. తాళం ఏసినంక గూడ ఏసిన్నా అని పదిమార్లు పోయి సూస్తాంది. పూలు తీసుకొని, తీసుకున్ననా అని నన్నే అడిగింది. తన చేతులను తనే నమ్ముతలేదు." కళ్లొత్తుకుంది. "నాదే పాపం. అప్పుడు నీ నోరు మూసింది నేనే. పో. జైల్ల పెడితె పెట్టనీ. పోయి చెప్పు. పిల్లకు కండ్లు రాకున్న, ఆ తల్లికన్న పానం కుదురైతది."

మధ్యాహ్నం వీరభద్రం కొట్లో ఉండే వేళ, అత్తగారు కునుకు తీసే వేళ చూసుకుని ఎల్లస్వామి ఆ ఇంటికి పోయాడు. భారతమ్మ వంటింటి గడపలో కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసిపోయింది. ఆయన లోపలికి పోలేదు, వాకిట్లోనే నేల మీద కూర్చుని, రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, తప్పు నీది గాదు. నాది."

మొత్తం చెప్పాడు. చిల్లు కొలత కాదని, సేఫ్టీ అని. భాస్కర్ చెప్పిన ప్రతి ముక్కా చెప్పాడు. పొడి సన్నగా ఉండి జల్లెడ పూడిందని చెప్పాడు. "నువ్వు నీళ్లు పోసినవమ్మా. పోసినవు గన్కనే ఆవిరైంది. నువ్వు మర్శిపోలేదు. నీ చేతులు తప్పు జెయ్యలే. నా చేతులు చేసినయి" అని ఏడ్చాడు. గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పది నెలల బరువు కదా.

భారతమ్మ కదలకుండా వింది. వింటూ వింటూ ఆమె ముఖంలో ఏదో మారింది. వీపు నిటారుగా అయింది. చేతులు తిప్పి చూసుకుంది, ఎవరో తిరిగి ఇచ్చేసిన వస్తువులను చూసినట్టు. ఎల్లస్వామి ఆ ముఖం చూసి, ఈ జన్మకు ఇది చాలు అనుకున్నాడు.

"పోసిన్నా?" అంది మెల్లగా. "నిజంగ పోసిన్నా?"

"పోసినవు తల్లీ."

"ఏదీ ఆ చెంబు? ఒక్కసారి సూపియ్యి. నీ మాటు నేను సూడాలె. సూస్తె నాకు నమ్మకం కలుగుతది. మా అత్తకు సూపిస్త. ఆయనకు సూపిస్త."

ఎల్లస్వామి తల దించుకున్నాడు. "లేదమ్మా. కరగబెట్టిన."

"ఎందుకు?"

"భయమైంది."

"ఆ భాస్కరును పిలు. ఆయనతోని చెప్పియ్యి."

"ఆయన బొంబాయి పోయిండమ్మా. యాడున్నడో తెల్వదు."

ఆమె వెలిగిన ముఖం ఆయన కళ్ల ముందే మెల్లమెల్లగా ఆరిపోయింది. ఆమెకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. నాలుగు తిడితే, చెప్పు తీసుకుని కొడితే ఎంత బాగుండేది! ఆమె జాలిగా నవ్వింది.

"నువ్వు మంచోనివి, ఎల్లస్వామీ. సోమక్క చెప్పింది గదా నా సంగతి? మొన్న నన్ను సూసి ఏడ్చుకుంట పోయింది. నా బాధ సూడలేక, నా పాపం నీ మీదేసుకుంటానవు."

"అయ్యో అమ్మా, కాదు! నా పిల్లల మీద ఒట్టు..."

"ఒట్లు పెట్టకు. తప్పు చేసినోడు దాసుకుంటడు గని, ఏడాది కావస్తాంటె వచ్చి నేనే చేసిన అని ఎవడన్న చెప్తడా? నా బిడ్డ గూడ రోజు గిట్లనే అంటది. నువ్వు నీళ్లు పోసినవమ్మా, నేను సూసిన అంటది. పుస్తకంల తల పెట్టి సదువుకునే పిల్ల ఎట్ల సూస్తది? నా కోసం అబద్ధమాడుతాంది."

ఆ మాటలు విని లోపలి గదిలోంచి నిర్మల వచ్చింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ తడుముకుంటూ. కళ్లున్న చోట ముడతలు పడ్డ చర్మం ఉంది. ఎల్లస్వామి తల తిప్పుకోబోయి, తిప్పుకోలేదు. చూడాలి. తను చేసింది తను చూడాలి.

"అమ్మా, కాక నిజం చెప్తాండే" అంది నిర్మల. గొంతులో ఆశ. "ఇప్పటికన్న నమ్ము. కాకా, మళ్ల ఒకసారి చెప్పు. నాకు అర్థమైంది. సైన్సు ప్రకారం గూడ గదే కరెక్టు."

భారతమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "కూడబలుక్కున్నరు" అంది ప్రేమగా.

ఇక ఏం చెప్పాలి? చెప్పడానికి ఏం మిగిలింది? నిజం ఆయన నోట్లో ఉంది, కానీ దాన్ని నిలబెట్టే ఇత్తడి ముక్కను తన నిప్పుల్లో తనే కరిగించుకున్నాడు. తనను అప్పుడే పట్టుకుని లాక్కుపోయి జైల్లో పెట్టి ఉంటే ఆమెకు ఇంత అన్యాయం జరిగేది కాదు. నిర్మల గోడకు నుదురు ఆనించి నిలబడిపోయింది.

భారతమ్మ లేచింది. "పొద్దువోతాంది. వంట గావాలె" అంటూ వంటింట్లోకి పోయింది. కిరోసిన్ స్టవ్వు ముట్టించింది, మీద ఎసరు గిన్నె ముందే పెట్టి ఉంది. ఆమె దాని ముందు నిలబడి, గిన్నెలోకి చూసి, వేలు ముంచి చూసి, గడప దగ్గరికి వచ్చింది.

"ఎల్లస్వామీ, జర లోపలికొచ్చి సూడు. ఎసట్ల నీళ్లున్నయా?"

ఆ ఇంటి వంటింట్లోకి ఆయన ఎన్నడూ అడుగుపెట్టలేదు. లేచి పోయి చూశాడు. నీళ్లు అంచు దాకా ఉన్నాయి. ఇంకో చుక్క పట్టదు.

"నిండ ఉన్నయమ్మా."

"నిజం చెప్పు. నా మీద జాలిపడి చెప్పకు."

"ఉన్నయమ్మా. ఒట్టు. నిండ ఉన్నయి."

భారతమ్మ ఆయన ముఖంలోకి వెతుకుతున్నట్టు చూసింది. తర్వాత బిందెలోంచి చెంబుతో ముంచి గిన్నెలో పోసింది. నీళ్లు పొర్లి స్టవ్వు మీద పడ్డాయి. చుయ్యిమని మంట ఆరిపోయింది. ఆమె ఇంకో చెంబు ముంచింది.